రిపోర్టులో "గ్రాన్యులోమా" అని ఉంది, క్యాన్సర్ కాదన్నారు, మరి ఆ గడ్డ ఏంటి?

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. ఆమెకు 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, చిన్నవాడు పాలు మానేసి రెండేళ్లు దాటింది. ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో నిమ్మకాయంత గట్టి గడ్డ చేతికి తగిలింది. పది రోజుల్లో దాని మీద చర్మం ఎర్రబడింది, సలుపు మొదలైంది, చనుమొన కాస్త లోపలికి లాక్కుపోయినట్టు కనిపించింది. స్కానింగ్ చేయిస్తే రిపోర్టు చివరి లైన్లో "బైరాడ్స్ 4సీ, బయాప్సీ అవసరం" అని ఉంది, అంటే క్యాన్సర్ అనుమానం గట్టిగానే ఉందని. ఆ లైన్ చదివాక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. వారం పోయాక ముక్క పరీక్ష రిపోర్టు వచ్చింది: "గ్రాన్యులోమాటస్ ఇన్‌ఫ్లమేషన్ ఉంది, క్యాన్సర్ కణాలు కనిపించలేదు."

హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆ హమ్మయ్య ఎక్కువసేపు నిలవదు, ఎందుకంటే ఒక డాక్టరు టీబీ కావచ్చన్నారు, ఇంకొకరు స్టెరాయిడ్లు మొదలుపెడదామన్నారు, మూడో ఆయన ఏమీ చేయకుండా కొన్నాళ్లు చూద్దామన్నారు. ముగ్గురూ చదువుకున్నవాళ్లే, ముగ్గురి చేతిలోనూ ఒకే రిపోర్టు. ఎవరు కరెక్టు?

ఈ జబ్బు పేరు ఇడియోపతిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. అరుదైనదే, కానీ రొమ్ము వైద్యులందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. కుదించి ఐజీఎం అని కూడా రాస్తారు. రక్తపరీక్షల్లో కనిపించే ఐజీఎం యాంటీబాడీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, అక్షరాలు కలిశాయంతే. నెట్‌లో వెతికేవాళ్లు ముందు ఇక్కడే దారి తప్పుతుంటారు.

## పేరును విడదీసి చూస్తే

మాస్టైటిస్ అంటే రొమ్ము వాపు, అంటే రొమ్ము లోపలి కణజాలం ఎర్రబడి వాచి నొప్పి పెట్టడం. పాలిచ్చే తల్లుల్లో పాలు గడ్డకట్టి జ్వరం, సెగ్గడ్డ రావడం చాలామందికి తెలిసిన మాస్టైటిస్. అది ఎక్కువగా బ్యాక్టీరియా వల్ల వస్తుంది, సరైన యాంటీబయాటిక్ పడితే, చీము ఉంటే తీసేస్తే, రోజుల్లో తగ్గుతుంది. మనం మాట్లాడుకునేది అది కాదు.

గ్రాన్యులోమాటస్ అంటే ఆ వాపు ఒక ప్రత్యేకమైన రూపంలో ఉందని. ఆ రూపం పేరే గ్రాన్యులోమా, దాని దగ్గరికి ఇప్పుడే వస్తాను. ఇక ఇడియోపతిక్ అనేది వినడానికి బరువైన మాటే గానీ దాని అర్థం "కారణం తెలియదు" అని, అంతకంటే ఇంకేం లేదు. నిజం చెప్పాలంటే ఈ పేరులో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇదే, ఎందుకంటే కారణం తెలియదు అని రాయాలంటే ముందు తెలిసిన కారణాలన్నీ వెతికి ఉండాలి కదా. ఆ వెతకడం పూర్తి కాకుండానే ఈ పేరు పెట్టేస్తే మాత్రం చిక్కే.

1972లో కెస్లర్, వోలోక్ అనే ఇద్దరు దీన్ని మొదటిసారి విడి జబ్బుగా వర్ణించారు. వాళ్ల వ్యాసం శీర్షికలోనే "క్యాన్సర్‌ను పోలి ఉండేది" అన్న అర్థం వచ్చే మాట ఉంది. అంటే ఈ పోలిక గొడవ జబ్బుకు పేరు పెట్టిన రోజు నుంచీ ఉన్నదే.

## గ్రాన్యులోమా: తొలగించలేనిదాన్ని చుట్టుముట్టడం

మన ఒంట్లో మ్యాక్రోఫేజ్‌లనే కణాలు ఉంటాయి, చెత్తను మింగి అరిగించుకోవడం వాటి పని. ఒక్కోసారి మింగలేనిది, మింగినా అరగనిది ఎదురవుతుంది. అది టీబీ క్రిమి కావచ్చు, ఫంగస్ కావచ్చు, కుట్టు దారం ముక్కో సిలికానో కావచ్చు. అప్పుడు ఈ కణాలు వెనక్కి పోకుండా దాని చుట్టూ గుమిగూడి ఒకదానికొకటి అతుక్కుని గోడ కడతాయి. కొన్నయితే ఏకంగా కలిసిపోయి ఒకే పెద్ద కణం అవుతాయి, దానిలో పదుల కొద్దీ కేంద్రకాలు, చాలాసార్లు గుర్రపు నాడా ఆకారంలో అంచు వెంబడి వరసగా. ఆ గుంపు పేరే గ్రాన్యులోమా.

ఈ జబ్బులో స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద పెడితే కనిపించే దృశ్యం ఇలా ఉంటుంది. రొమ్ములో పాలు తయారయ్యే చిన్న చిన్న గుత్తులు ఉంటాయి, వాటిని లాబ్యూల్స్ అంటారు. మామూలుగా ఒక్కో గుత్తి శుభ్రంగా, ఊదారంగు చుక్కల పూరేకుల్లా కనిపిస్తుంది. ఇక్కడ ఆ గుత్తి మధ్యలోనే గ్రాన్యులోమా కూర్చుని ఉంటుంది, చుట్టూ న్యూట్రోఫిల్స్ అనే చీము కణాలు, అక్కడక్కడ కంటికి ఆనని చిన్న చిన్న చీము గుంటలు. కొన్ని స్లైడ్లలో ఆ చీము కణాల మధ్య గుండ్రటి ఖాళీలు కూడా ఉంటాయి, సూదితో పొడిచి బుడగ తీసేసినట్టు. ఆ ఖాళీలు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

వాపు ఇలా లాబ్యూల్‌ను పట్టుకుని ఉండటం ఈ జబ్బుకు పెద్ద గుర్తు. అందుకే కొందరు పెథాలజిస్టులు గ్రాన్యులోమాటస్ లాబ్యులర్ మాస్టైటిస్ అని రాస్తారు. వేర్వేరు రిపోర్టుల్లో వేర్వేరు పేర్లు చూసి రెండు జబ్బులు అనుకోనక్కర్లేదు.

## ఎవరికి వస్తుంది, ఎలా మొదలవుతుంది

ఎక్కువగా పిల్లల్ని కన్న స్త్రీలకు, ముప్పైల్లో ఉన్నవాళ్లకు, చివరి కాన్పు లేదా పాలివ్వడం అయిన ఐదారేళ్లలోపు వస్తుంది. ఎప్పుడూ గర్భం రానివాళ్లలో, వయసు పైబడ్డవాళ్లలో, చాలా అరుదుగా మగవాళ్లలో కూడా చూశారు. టర్కీ, ఇరాన్, చైనా, భారత్ వంటి దేశాల నుంచి ఎక్కువ కేసులు ప్రచురితమయ్యాయి, అమెరికాలోనేమో హిస్పానిక్ మహిళల్లో, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లలో ఎక్కువగా కనిపించింది. 2006 నుంచి 2008 మధ్య ఇండియానా రాష్ట్రంలో వాళ్లలో ఇలాంటి కేసులు వరసగా బయటపడితే అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2009లో ప్రత్యేకంగా నివేదిక వేసింది. ఇది జన్యువుల వల్లా, కాన్పుల సంఖ్య వల్లా, లేక ఆయా చోట్ల డాక్టర్లు దీన్ని ఎక్కువగా వెతకడం వల్లా అన్నది తేలలేదు.

సాధారణంగా ఒక్క రొమ్ములోనే, గట్టి గడ్డగా మొదలవుతుంది. కొన్నాళ్లకు అది మెత్తబడి చీము పట్టవచ్చు, చర్మం పగిలి చీము కారవచ్చు, ఒకచోట మానితే పక్కనే ఇంకోచోట పుట్టుకు రావచ్చు. చంకలో బిళ్ల కట్టవచ్చు. ఇంకో విచిత్రం ఏంటంటే కొందరికి మోకాళ్ల కింద, కాలి ముందు భాగంలో ఎర్రటి నొప్పి గడ్డలు లేస్తాయి, కీళ్లు పట్టేస్తాయి. రొమ్ముకీ కాలికీ లింకేంటి అని ఆమె ఎముకల డాక్టరు దగ్గరికి వెళుతుంది, ఆయనకు రొమ్ము సంగతి చెప్పాలని ఆమెకు తోచదు. ఆ కాలి గడ్డల్ని ఎరిథీమా నోడోసమ్ అంటారు, రోగనిరోధక వ్యవస్థ ఒళ్లంతా రేగిందనడానికి అదొక ఆనవాలు.

## చెయ్యీ యంత్రమూ రెండూ ఎందుకు పొరబడతాయి

గట్టిదనం, అంచులు స్పష్టంగా లేకపోవడం, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, చనుమొన లోపలికి లాగడం, చంకలో బిళ్లలు. ఇవన్నీ క్యాన్సర్ గుర్తులని ఏ పోస్టర్ చూసినా ఉంటుంది. ఇవన్నీ ఈ జబ్బులోనూ ఉంటాయి. ఎందుకంటే ఇవి క్యాన్సర్ సొంత గుర్తులు కావు. చుట్టూ ఉన్న కణజాలాన్ని లాగి బిగబట్టే ఏ ప్రక్రియ అయినా చనుమొనను లోపలికి లాగుతుంది, చర్మంలోని లింఫ్ పారుదలను అడ్డుకునే ఏదైనా నారింజ తొక్క రూపం తెస్తుంది. దీర్ఘకాలపు వాపు ఆ రెండు పనులూ చేస్తుంది.

ఇక బైరాడ్స్ సంగతి. ఇది అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ తయారు చేసిన స్కోరు, స్కానింగ్‌లో కనిపించినదానికి ఎంత అనుమానం పెట్టుకోవాలో చెబుతుంది. 4ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 నుంచి 10 శాతం, 4బీ అంటే 10 నుంచి 50, 4సీ అంటే 50 నుంచి 95, అది దాటితే 5. మన ఉదాహరణలోని ఆమెకు 4సీ వచ్చింది. దీన్ని "నాకు క్యాన్సర్ ఉంది, ఎంత ఉందో తెలియాలి" అని చదువుతారు చాలామంది. అసలు అర్థం ఏంటంటే, తెరమీద ఇలాంటి నీడ కనిపించిన వంద మందిలో సగానికి పైగా క్యాన్సర్ తేలతారు, మిగతావాళ్లు వేరే ఏదో. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ వాళ్లు ఆ మిగతాలో ఉంటారు. కాబట్టి తర్వాత బయాప్సీలో క్యాన్సర్ లేదని వస్తే రేడియాలజిస్టు తప్పు చేశారని కాదు, ఆయన చూసిన నీడ నిజంగానే అలా ఉంది.

అల్ట్రాసౌండ్‌లో ఒక చిన్న క్లూ మాత్రం ఉంటుంది. నల్లటి గడ్డ నుంచి గొట్టాల్లాంటి కాళ్లు పక్కకు పాకినట్టు కనిపిస్తే, వాటిలో కొన్ని చర్మం వైపు వెళుతుంటే, అనుభవం ఉన్న కళ్లు ఈ జబ్బును గుర్తు చేసుకుంటాయి. అయినా వాళ్లు కూడా క్యాన్సర్ కాదని రాసివ్వరు. మామోగ్రామ్‌లో చాలాసార్లు ఒకవైపు మసకగా చిక్కబడినట్టు కనిపిస్తుందంతే, పైగా వయసులో ఉన్నవాళ్ల రొమ్ము కణజాలమే చిక్కగా ఉంటుంది. ఎమ్మారై ఎంతవరకు పాకిందో బాగా చూపిస్తుంది, ఏంటో మాత్రం తేల్చలేదు.

ఇన్‌ఫ్లమేటరీ బ్రెస్ట్ క్యాన్సర్ అని ఒకటుంది, అసలు భయం దానితోనే. అది మొత్తం రొమ్ము క్యాన్సర్లలో 1 నుంచి 5 శాతమే, కానీ వారాల్లో ముదురుతుంది, రొమ్ములో మూడోవంతో అంతకంటే ఎక్కువో ఎర్రగా వాస్తుంది, గడ్డ చేతికి తగలకపోవచ్చు కూడా. అక్కడ చర్మంలోని లింఫ్ నాళాల్లో క్యాన్సర్ కణాలే అడ్డుపడి ఆ ఎరుపు తెస్తాయి. యాంటీబయాటిక్ కోర్సు వాడినా ఎరుపు తగ్గకపోతే డాక్టర్లు ఒక్కసారిగా సీరియస్ అయ్యేది అందుకే. తమాషా ఏంటంటే గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ కూడా మామూలు యాంటీబయాటిక్స్‌కు అంతగా లొంగదు, కాబట్టి ఆ ఒక్క పరీక్షా రెంటినీ విడదీయలేదు.

## ముక్క తీస్తే తేలేది ఏంటి

తేల్చేది కణజాలమే. కోర్ బయాప్సీలో చర్మానికి మత్తు సూది ఇచ్చి, అల్ట్రాసౌండ్ చూస్తూ, సుమారు రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న సూదిని గడ్డ దాకా పంపుతారు. దాని వెనక స్ప్రింగ్ ఉంటుంది, నొక్కగానే స్టేప్లర్ కొట్టినట్టు టక్‌మని శబ్దం వస్తుంది. ముందే చెప్పకపోతే ఆ శబ్దానికే ఉలిక్కిపడతారు, నొప్పికి కాదు. బయటికి వచ్చేది సన్నటి, తెల్లటి, సేమ్యా పోగులాంటి ముక్క. అలాంటివి కొన్ని తీసి ఫార్మలిన్ సీసాలో వేస్తారు.

ఇక్కడ ఒక చిన్న విషయం, బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ తర్వాతి గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది. ఫార్మలిన్ కణాలను చెడకుండా ఆపుతుంది, అదే దెబ్బకు క్రిములనూ చంపేస్తుంది. ముక్కలన్నీ ఫార్మలిన్‌లోనే పడితే క్యాన్సర్ ఉందా లేదా తెలుస్తుంది, కానీ కల్చర్‌కు, అంటే టీబీ క్రిమినో వేరే క్రిమినో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు, ఆ ముక్క పనికిరాదు. కల్చర్ చేయాలంటే ఒక ముక్క, లేదా కాస్త చీము, ఫార్మలిన్ తగలకుండా సెలైన్‌లో విడిగా వెళ్లాలి. క్యాన్సర్ భయంతో జరిగే మొదటి బయాప్సీలో ఈ రెండో సీసా చాలాసార్లు ఉండదు. తర్వాత "టీబీ కల్చర్ ఏది?" అని అడిగితే మళ్లీ సూది.

సన్న సూదితో కణాలు పీల్చే ఎఫ్ఎన్ఏసీ కూడా చేస్తారు. దానిలో గ్రాన్యులోమా కనిపించవచ్చు, కానీ గ్రాన్యులోమా లాబ్యూల్ మధ్య ఉందా ఎక్కడ ఉందా అన్న అమరిక తెలియదు, పైగా వాపు వల్ల రేగిపోయిన మామూలు కణాలు ఒక్కోసారి అనుమానంగా కనిపించి ఇంకో వారం టెన్షన్ పెడతాయి. అందుకే కోర్ బయాప్సీ వైపే మొగ్గు.

## ఒకే రిపోర్టు, మూడు జబ్బులు

క్యాన్సర్ కాదని తేలాక కథ సుఖాంతం అయిపోవాలి కదా. నాకు అర్థమైనంతలో అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. బయాప్సీని అడిగిన ప్రశ్న "ఇది క్యాన్సరా?", దానికది జవాబు చెప్పింది. గ్రాన్యులోమా అనేది జబ్బు పేరు కాదు, ఒంటి స్పందన పేరు. పొగ కనిపించింది, మంట ఎక్కడిదో ఇంకా తెలియదు.

ముగ్గురిని ఊహించుకుందాం, ముగ్గురికీ "గ్రాన్యులోమాటస్ ఇన్‌ఫ్లమేషన్" అనే వచ్చింది. మొదటామె స్లైడ్‌లో గ్రాన్యులోమాల మధ్య కణాలు చచ్చి ముద్దగా, జున్ను పొడిలా మారాయి, దాన్ని కేసియేషన్ అంటారు, చంక బిళ్లల్లోనూ అదే, ఇంట్లో ఒకరికి నిరుడు ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. రెండో ఆమెకు దగ్గు, ఆయాసం, ఛాతీ స్కాన్‌లో రెండు వైపులా లింఫ్ గ్రంథులు పెరిగి ఉన్నాయి, టీబీ పరీక్షలన్నీ నెగెటివ్. మూడో ఆమెకు రొమ్ము తప్ప ఎక్కడా ఏమీ లేదు, వాపు లాబ్యూల్‌నే పట్టుకుని ఉంది, చీము కణాలు దండిగా ఉన్నాయి, మూడేళ్ల కింద కాన్పు. మొదటామెది టీబీ వైపు, రెండో ఆమెది సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లో, లింఫ్ గ్రంథుల్లో ఎక్కువగా గ్రాన్యులోమాలు పుట్టే ఒక జబ్బు) వైపు, మూడో ఆమెది మనం మాట్లాడుకుంటున్న జబ్బు వైపు మొగ్గుతుంది. ఆ చివరి పేరు ఖాయం చేయడానికి ఫంగస్ (రంగు వేసి చూసే స్టెయిన్ పరీక్షతో), రక్తనాళాల వాపు జబ్బులు, రొమ్ములో పాత సిలికాన్ వంటివి కూడా లేవని తేల్చుకోవాలి.

నిజ జీవితంలో ఎవరూ ఇంత శుభ్రంగా రారు. రొమ్ము టీబీ అనేది ఎప్పటి నుంచో తెలిసినదే, 1829లోనే ఆస్ట్లీ కూపర్ అనే ఇంగ్లిష్ సర్జన్ దాన్ని వర్ణించాడు. కానీ రొమ్ములో టీబీ క్రిములు చాలా తక్కువ సంఖ్యలో ఉంటాయి. స్టెయిన్ చేసి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకు మిల్లీలీటర్‌కు వేల సంఖ్యలో క్రిములు ఉంటేగానీ ఒక్కటి కంటపడదు. కల్చర్‌కు ఆరేడు వారాల దాకా పట్టవచ్చు. టీబీ క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే జీన్ఎక్స్‌పర్ట్ పరీక్ష రెండు గంటల్లో చెబుతుంది, పాజిటివ్ అయితే గట్టి జవాబే, నెగెటివ్ అయితే మాత్రం క్రిములు మరీ తక్కువగా ఉన్నాయేమో అన్న అనుమానం మిగులుతుంది. చేతిమీద చేసే మాంటూ పరీక్ష టీబీ ఎక్కువగా ఉన్న దేశాల్లో పెద్దగా ఉపయోగపడదు, ఎప్పుడో ఒకప్పుడు క్రిమి తగిలిన ఆరోగ్యవంతులకు కూడా అది పాజిటివ్ వస్తుంది.

పొరబాటు ఎటు జరిగినా మూల్యం ఉంది, అందుకే డాక్టర్లు ఊగిసలాడతారు. టీబీ ఉన్నామెకు ఈ జబ్బే అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్రిమికి తలుపులు తెరిచినట్టే. ఈ జబ్బు ఉన్నామెకు టీబీ అనుకుని ఆరు నెలల మందులు వాడితే కాలేయం మీద భారం, ఇతర ఇబ్బందులు, లాభం లేదు. టీబీ తక్కువగా ఉన్న దేశాల వైద్యులు "ఆధారం లేకుండా టీబీ మందులెందుకు" అంటారు, ఎక్కువగా ఉన్నచోటి వైద్యులు "ఆధారం దొరకని టీబీని రోజూ చూస్తున్నాం" అంటారు. ఇద్దరి మాటా వాళ్లు చూసే రోగులను బట్టి సబబే.

## ఆ గుండ్రటి ఖాళీల్లో ఎవరున్నారు

ఇందాక స్లైడ్‌లో గుండ్రటి ఖాళీలు అన్నాను కదా. అవి ఒకప్పుడు కొవ్వు బిందువులు, స్లైడ్ తయారీలో కొవ్వు కరిగిపోయి ఖాళీ మిగిలింది. గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి ఓపిగ్గా వెతికితే కొన్నిసార్లు ఆ ఖాళీల లోపల చిన్న చిన్న కడ్డీల్లాంటి బ్యాక్టీరియా దొరుకుతుంది. దాని పేరు కోరినీబ్యాక్టీరియం క్రోపెన్‌స్టెడ్టియై, నోరు తిరగని పేరే. 1998లో కొత్త జాతిగా గుర్తించారు. 2002, 2003లో న్యూజిలాండ్ పరిశోధకులు ఈ జాతి బ్యాక్టీరియాకూ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు.

దీనికి కొవ్వంటే ఇష్టం, మామూలు కల్చర్ ప్లేట్ మీద సరిగా పెరగదు. పెరిగినా, ఈ కుటుంబం బ్యాక్టీరియా చర్మం మీద అందరికీ ఉంటుంది కాబట్టి "చర్మం మీది కాలుష్యం" అని ల్యాబ్ కొట్టిపారేసే ప్రమాదం ఉంది. ఇలాంటి ఖాళీలు, చీము కణాలు ఉన్న రకానికి సిస్టిక్ న్యూట్రోఫిలిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని విడిగా పేరు పెట్టారు.

ఇక వాదన. ఒక వర్గం అంటుంది, ఇదే కారణం, అంటే ఇన్నాళ్లూ కారణం తెలియదని రాసిన కేసుల్లో కొన్ని నిజానికి ఇన్‌ఫెక్షన్లే, మామూలుగా రాసే పెన్సిలిన్ తరహా మందులు కొవ్వులోకి సరిగా చొరబడవు కాబట్టి పనిచేయలేదు, డాక్సీసైక్లిన్, క్లారిత్రోమైసిన్, రిఫాంపిసిన్ లాంటి కొవ్వులో కలిసే మందులు వాడాలి అని. ఇంకో వర్గం, గ్రంథుల్లో చిక్కిన పాలూ కొవ్వూ ఉన్నచోట కొవ్వు తినే బ్యాక్టీరియా చేరడంలో వింతేముంది, అది దొంగ కాదు, తలుపు తెరిచి ఉంటే లోపలికి వచ్చిన పిల్లి అంటుంది. ఎంతోమంది రోగుల్లో ఈ క్రిమి దొరకడం లేదు, అది నిజం. దొరికినవాళ్లలో సరైన యాంటీబయాటిక్‌తో కొందరికి తగ్గింది, అదీ నిజం. ఇదంతా చూశాక నాకు ఇది ఒక జబ్బు కాదేమో, ఒకే ముఖం ఉన్న రెండు మూడు జబ్బులేమో అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే.

మిగతా కారణాల జాబితా మామూలే. గ్రంథిలో ఆగిన పాల స్రావం గోడ దాటి బయటికి కారితే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదనుకుని దాడి చేస్తుందన్నది బాగా చెలామణీలో ఉన్న ఊహ. పాలు పుట్టించే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగినవాళ్లలో, అంటే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ ఉన్నవాళ్లలో, రిస్పెరిడోన్ లాంటి మానసిక వైద్యపు మందులు వాడేవాళ్లలో ఇది వచ్చిన కేసులు ఈ ఊహకు బలం. గర్భనిరోధక మాత్రలు, పొగతాగడం గురించి అధ్యయనాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. అంటువ్యాధి మాత్రం కాదు.

## చికిత్స మీద ఎందుకింత గొడవ

మొదట్లో సర్జరీయే దారి. 1980లో డీహెర్టో బృందం ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ పనిచేస్తుందని రాసినప్పటి నుంచి మందుల దారి తెరుచుకుంది. ఇప్పుడు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము, అంటే 60 కిలోల మనిషికి 30 నుంచి 60 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు. గడ్డ చాలామందిలో కరుగుతుంది. బదులుగా ముఖం ఉబ్బడం, బరువు, షుగర్, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఎముకల బలహీనత. డోసు తగ్గిస్తుండగా జబ్బు మళ్లీ లేవడం కూడా మామూలే. అప్పుడు మెథోట్రెక్సేట్ తీసుకొస్తారు, ఇది రోజూ కాదు, వారానికి ఒక్కసారి వేసుకునే మందు, గర్భంలో ఉన్న బిడ్డకు ప్రమాదకరం, ఈ జబ్బు వచ్చేదేమో పిల్లల్ని కనే వయసులో. చిక్కు అర్థమైంది కదా.

టర్కీ నుంచి వచ్చిన కొన్ని అధ్యయనాల్లో స్టెరాయిడ్‌ను మాత్రగా కాకుండా గడ్డలోకే ఇంజెక్షన్‌గా, చర్మం మీద పూతగా ఇచ్చి, ఒంటి మీద దుష్ప్రభావాలు బాగా తక్కువగా ఉండటం చూశారు. ఈమధ్య ఇది బాగా ప్రచారంలోకి వస్తోంది.

సర్జన్ల వాదన, మొత్తం కోసేస్తే త్వరగా ముగుస్తుంది, తిరగబెట్టడం తక్కువ అని. ఎదుటివాళ్లు, పుండు మానక చీము దారులు మిగులుతాయి, రొమ్ము ఆకారం పోతుంది, దానంతటదే తగ్గే జబ్బుకు అంత కోత ఎందుకు అంటారు. చీము గుంట పట్టినప్పుడు దాన్ని సూదితో లాగేయడం మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు.

దానంతటదే తగ్గడం అనేది కల్పన కాదు. 2015లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 37 మందిని ప్రధానంగా గమనిస్తూ ఉంచితే సగటున ఏడు నెలల పైచిలుకులో సద్దుమణిగింది. కొందరికి ఏడాది, రెండేళ్లు కూడా పడుతుంది. ఈ ఒక్క వాస్తవం మిగతా లెక్కలన్నిటినీ తారుమారు చేస్తుంది.

ఎలాగో చూద్దాం, ఈ అంకెలు నేను వివరించడానికి వేసుకున్నవే. ఒకామె జబ్బు ఏ మందూ లేకపోయినా తొమ్మిదో నెలలో తగ్గేదే అనుకోండి. మొదటి నెల ఒక యాంటీబయాటిక్, రెండో నెల ఇంకోటి, మూడు నుంచి ఏడో నెల వరకు టీబీ మందులు, "పనిచేయలేదు" అని ఎనిమిదో నెలలో ఏదో ఆకు పసరు మొదలుపెట్టింది. తొమ్మిదో నెలలో తగ్గింది. పేరు ఎవరికి వచ్చింది? పసరుకు. ఇంకొకామె జబ్బు ఐదో నెలలో తగ్గేది, ఆమె మూడో నెలలో టీబీ మందులు మొదలుపెట్టింది, "రెండు నెలల్లో తగ్గింది కాబట్టి టీబీయే" అని కేసు ముగించారు. చివరి మైలులో చేతికి దొరికిన మందుకే దండ పడుతుంది.

తిరగబెట్టే శాతాలు కూడా ఇలాగే, ఒక్కో అధ్యయనంలో ఒక్కో అంకె, కొన్నిటిలో చాలా తక్కువ, కొన్నిటిలో సగానికి దగ్గర. ఆరు నెలలే గమనించిన అధ్యయనంలో తిరగబెట్టినవాళ్లు తక్కువ కనిపిస్తారు, మూడేళ్లు గమనిస్తే ఎక్కువ. చిన్న గడ్డలున్నవాళ్లకే ఆపరేషన్ చేసి, నాలుగు చోట్ల చీము కారేవాళ్లకు స్టెరాయిడ్ ఇచ్చి, తర్వాత రెండు గుంపుల ఫలితాలు పోలిస్తే ఆపరేషన్ గెలవక ఏమవుతుంది? పెద్ద సంఖ్యలో రోగులను లాటరీ పద్ధతిలో విభజించి చేసిన అధ్యయనాలు చాలా తక్కువ, ఎందుకంటే ఒక్క ఆసుపత్రికి ఏడాదికి వచ్చే కేసులే కొద్ది. కాబట్టి ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పడం వెనక ఉన్నది వాళ్ల అజ్ఞానం కాదు, సాక్ష్యం పలచగా ఉండటం.

## "బినైన్" అన్న మాట ఎంతవరకు

వైద్యంలో బినైన్ అంటే పాకి ప్రాణం తీయదని. నొప్పి లేదని కాదు, చిన్నదని కాదు. బట్టలకు చీము మరకలు పడకుండా రోజుకు మూడుసార్లు గాజుగుడ్డ మార్చుకునే మనిషికి "ఏం కాదమ్మా, బినైనే" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మచ్చలు, రెండు రొమ్ముల సైజులో తేడా మిగలవచ్చు. కొన్నాళ్లకు రెండో వైపు కూడా రావచ్చు. తర్వాతి కాన్పులో తిరగబెట్టినవాళ్లు ఉన్నారు, ఏ ఇబ్బందీ లేకుండా కని పాలిచ్చినవాళ్లూ ఉన్నారు.

క్యాన్సర్‌గా మారుతుందా అన్నది అందరూ అడిగేదే. మారుతుందనడానికి ఇప్పటివరకు ఆధారం లేదు. అయితే రెండూ ఒకే రొమ్ములో పక్కపక్కన కనిపించిన కేసులు అరుదుగా ప్రచురితమయ్యాయి, సూది గ్రాన్యులోమా ఉన్నచోట పడి పక్కనున్నదాన్ని తప్పిపోయే అవకాశం కూడా కొట్టిపారేయలేం. అందుకే బయాప్సీ నెగెటివ్ వచ్చినా గడ్డ అనుకున్నట్టు తగ్గకుండా కొత్త దిశలో పెరిగితే డాక్టర్లు రెండోసారి ముక్క తీస్తామంటారు. ఆ మాట వినగానే మొదటి రాత్రి భయం మళ్లీ తిరిగొస్తుంది. మొదటి ముక్క మీద వాళ్లకు నమ్మకం లేదని దానర్థం కాదు. ఆ రెండు మిల్లీమీటర్ల పోగు తనకు తగిలిన చోటు గురించే చెప్పగలదు, తగలని చోటు గురించి చెప్పలేదు.